ఎడమ పక్క చెక్క

కాసీనగర్ పాత ఇనప కొట్లో
తూకం వేసి పదకొండు వందలన్నాడు.
తొమ్మిది వందల యాభై చేతిలో కుక్కి
తలకాయ సైకిలు కేరియరు మీద,
కాళ్లు రిక్షాలో,
రెండు విడతలుగా ఇంటికి తెచ్చాం.

నల్లటి ఇనుము. బంగారు లతలు అరిగిపోయి
గుడ్డ జారిన చోట మాత్రం నున్నగా, తెల్లగా.
చక్రం వేలెడు కూడా కదల్లేదు.
"మెడ పట్టేసినట్టుంది" అన్నాడు మా ఆయన,
ఊళ్లో సైకిళ్లకు ఆయనే డాక్టరు.

కిరసనాయిలు పోసి రాత్రంతా వదిలేశాను.
తెల్లారి మళ్లీ పోశాను.
మూడోనాడు ఎక్కడో లోపల టక్కుమంది.
పళ్ల మీది పలక విప్పితే
తివాచీలా గట్టిపడిన దారపు నలుసు.
పిన్నీసుతో పొరపొరగా లేపాను.
పైన నీలం, బడిపిల్లల పావడాలది కావచ్చు.
దాని కింద ఖాకీ.
ఒక పలచటి పసుపు పొర, ఏ పెళ్లిళ్ల నెలదో.
అట్టడుగున తెలుపు, చాలా మందం.
ఏ తెలుపో నన్నడక్కండి.

పెడలు మీద ఎడమ పక్కన
రెండంగుళాల చెక్కముక్క, మూడు మేకులతో.
ఎవరో చేతకాని రిపేరు చేశారనుకుని
పట్టకారుతో పీకేశాను.
పొయ్యిలో పెట్టబోతే చమురు నానిన కంపు.
గోడవార విసిరేశాను.

తోలు బెల్టు పర్లాకిమిడి నుంచి తెప్పించాం.
షటిలు, ఏరు దాటించే పడవంత బుద్ధిమంతురాలు,
అటూ ఇటూ వెళ్లొస్తోంది.
సూది పెట్టాను, దారం ఎక్కించాను, తొక్కాను.
చక్రం వెనక్కి తిరిగింది.
గుడ్డ కింద పిచ్చుక గూడు.
విప్పాను. తొక్కాను. మళ్లీ వెనక్కే.
పైదారం, కిందదారం
గుడ్డ మందంలో కలుసుకోవాలి, ఎవరికీ కనపడకుండా.
నావి వీధిలో కొట్టుకుంటున్నాయి.

సాయంత్రం కుంతలా మావుసి వచ్చింది,
బస్టాండులో పకోడీలు వేసే ఆవిడ.
బేరం ఒడియాలో ఆడుతుంది, తిట్టు తెలుగులో.
నెత్తిమీద బుట్ట దించకుండానే ఆగిపోయింది.
"ఇది ఆడిబందు మిషను కాదేటే?"
వంగి పెడలు చూసింది.
"ఎడం పక్క సెక్కుండాల. ఏదీ?"

హాడిబంధు. మా నోళ్లలో ఆడిబందు.
పసితనంలో జొరమొచ్చి
ఎడమకాలు రెండంగుళాలు వెనకబడిపోయింది.
నేల మీద కుంటేవాడు.
"మిషనెక్కితే కుంటేది లేదు. రైలు తొక్కినట్టు తొక్కేవోడు.
మన సిన్న రైలు కాదు, పెద్ద రైలు."
అతని కొలతల పుస్తకం మావుసి దగ్గరే ఉండిపోయింది.
పేర్లు తెలుగులో, అంకెలు ఒడియాలో.
"అందులో నా జాకెట్టు ఇంకా ముప్పై రెండే"
అంటూ నవ్వీ నవ్వీ దగ్గింది.

గోడవార వెతికి తెచ్చాను.
పాత మేకులు పాత కన్నాల్లోనే దిగాయి, సుత్తి అక్కర్లేకుండా.
చెక్క నడుమ ఒక గుంట,
బొటనవేలు తొలిచినది.
నా వేలు అందులో సగమే నిండింది.

నా కాళ్లు రెండూ సమానమే.
అందుకే కాబోలు రెండూ ఒకేసారి నొక్కుతున్నాను,
ఒకటి లేవాలని తోచలేదు.
చెక్క మీద ఎడమది ముందుకు జరిగింది.
కుడి మడమ వెనక దిగబడింది.
చేత్తో చక్రాన్ని నావైపు ఒక్క తోపు తోశాను.

తిరిగింది. ఇటే.
పాత దుప్పటి అంచు మీద
మూరెడు కుట్టు, మధ్యలో ఒక్కటి ఎగిరింది,
ఆ తర్వాత ఎగరలేదు.
మావుసి గుడ్డను లాగి చూసింది, పంటితో కొరికి చూసింది,
ఏమీ అనలేదు.
చల్లారిన పకోడీలు నాలుగు మిషను బల్ల మీద పెట్టి పోయింది.

రేపు జాకెట్టు గుడ్డ తెస్తుంది, పుస్తకం కూడా.
ముప్పై రెండు కొట్టేసి కొత్త అంకె వెయ్యాలి.
ఒడియా అంకెలు నాకు రావు.
టేపు నేను పట్టుకుంటాను,
ఆవిణ్నే వేసుకోమంటాను.